సున్నా కదిలింది

మూత వేసి, బొత్తాం నొక్కి, కుర్చీని గిర్రున తిప్పుకుని యంత్రానికి వీపు పెట్టి కూర్చుంది. చూడకూడదు. చూస్తూ కూర్చుంటే తనకేది కావాలో అదే కనిపిస్తుంది, తన గైడు పెద్ద సారుకి ఇన్నేళ్ళూ జరిగింది అదేగా, కావాలనుకున్నారు, కనిపించింది, కనిపించిందని ఊరూరా తిరిగి చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లలో తనవీ ఉన్నాయి, అది వేరే సంగతి. వీపు వెనక యంత్రం టక్కుమంది. లోపల వరసగా నాలుగు క్యువెట్లు, చిటికెన వేలంత గాజు గిన్నెలు, ఒక్కొక్కటే వచ్చి కాంతి ముందు నిలబడి తన లెక్క చెప్పుకుని పక్కకి జరుగుతుంది, టక్, ఇంకోటి వస్తుంది, టక్. గంటసేపు ఇదే పాట. గంట తర్వాత కారిడార్ చివరి గదిలో తన సెమినారు, థీసిస్ సమర్పించే ముందు పరీక్షకులందరి ఎదుటా చేసిందంతా చెప్పుకోవాల్సిన ఆఖరి సెమినారు, అది గట్టెక్కితే డాక్టరేటు చేతికొచ్చినట్టే. బుద్ధున్న మనిషైతే ఈపాటికి అద్దం ముందు నిలబడి మొదటి నాలుగు వాక్యాలూ బట్టీ పడుతూ ఉండేది. ఈవిడ మాత్రం పెద్ద సారు పేరున ఉన్న యంత్రాన్ని ఆయనకి మాటమాత్రం చెప్పకుండా పట్టుకుని, తన మూడో అధ్యాయం మెడకి తనే ఉరి బిగించి, అది చస్తుందా బతుకుతుందా అని వీపుతో వింటోంది. చస్తే చావనీ. తప్పుడు అధ్యాయం బతికి ఎవర్ని ఉద్ధరించాలి గనక.

వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉంది, అదే వాసన, కుళ్ళిన గుడ్డుకి కాస్త దూరపు చుట్టం, ఎంత సబ్బు అరగదీసినా వదలని డీటీటీ అనే మందు వాసన, ఒకసారి బస్సులో పక్క సీటావిడ ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోతే ఆ సీటు మీద సంచి పెట్టుకుని హాయిగా ఇంటికి చేరింది. ఈ ల్యాబ్‌లో అందరి దగ్గరా ఇదే వాసన, పెద్ద సారు దాన్ని ఇంటిపేరులా మోస్తారు. ఈ ప్రొటీన్లున్నాయే, వీటికి గంధకం కొసలుంటాయి, గాలి తగిలితే చాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టేస్తాయి, అలా కట్టకుండా ఉండాలంటే ఆ గాలి దెబ్బేదో తాను ముందు తినే మందొకటి కలపాలి, రెడ్యూసింగ్ ఏజెంట్ అని దానికి పెద్ద పేరు. ఏది కలపాలి అనే ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగరు. డీటీటీ. ఎందుకంటే ఎప్పుడూ అదే. పక్క ల్యాబ్ అక్క టీసెప్ వాడుతుంది, దానికి వాసనుండదు, గాలికి అంత తొందరగా లొంగదు, లొంగినా ఈ కాంతి జోలికి రాదు, మనమూ ఒకసారి అది వేసి చూద్దాం సర్ అని అడిగితే ఆయన నవ్వేసి, "వాసన లేని మందు మందెలా అవుతుందమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. అదిగో, ఆ నవ్వకపోవడం దగ్గరే మొదలైంది ఇదంతా.

ఎందుకంటే గాలి దెబ్బ తిన్న డీటీటీ ఊరుకోదు. దాని రూపు మారుతుంది, మారిందా, ప్రొటీన్ ఏ కాంతిని మింగుతుందో సరిగ్గా ఆ కాంతినే తనూ మింగడం మొదలెడుతుంది. ఎంత కాంతి మాయమైందన్నదాన్ని బట్టి ఎంత ప్రొటీన్ ఉందో, అది ఎలా ఉందో చెప్పేవాళ్ళకి ఇక మింగిందెవరో ఎలా తెలుస్తుంది? ఇదేం బ్రహ్మరహస్యం కాదు, పుస్తకంలో ఉంది, తను చదివింది, పెద్ద సారు పాఠం కూడా చెప్పారు. తెలిసీ ఎందుకు పట్టించుకోలేదంటే, సున్నా పెట్టేశాం కదా అని. ప్రొటీన్ లేని వట్టి బఫరు, అంటే ప్రొటీన్‌ని కరిగించే ఉప్పునీళ్ళే, అందులోనూ అదే డీటీటీ, దాన్ని పొద్దున్నే కాంతి ముందు పెట్టి ఇదీ సున్నా అని యంత్రానికి చెప్పేస్తాం, ఇక మందు మింగేదంతా ఆ సున్నాలోనే పోయింది కదా అని. చెప్పేసి ఆ గిన్నె ఏం చేస్తాం? సింకులో పారబోసి, కడిగి, తుడిచి బోర్లిస్తాం. ఈ ల్యాబంత శుభ్రమైన ల్యాబు ఎక్కడా ఉండదు, వచ్చినవాళ్ళందరూ అదే మెచ్చుకుంటారు, వాడిన గిన్నె బల్ల మీద కనిపిస్తే పెద్ద సారుకి ఒళ్ళు మండుతుంది. సున్నా సింకులోకి పోయాక దాన్ని మళ్ళీ అడిగేదెవరు? ప్రొటీన్‌తో ఉన్న గిన్నె మాత్రం గంటలకొద్దీ యంత్రంలో కూర్చుంటుంది, అందులోని మందు ముసలిదవుతూ ఉంటుంది, ఎంత కాంతి మాయమైందో చూపే గీత తెర మీద మెల్లగా పైకి పాకుతూ ఉంటుంది, ఆహా ప్రొటీన్ విప్పుకుంటోంది, మెల్లగా రెండో రూపంలోకి మారుతోంది అని మనం పరవశించిపోతుంటాం, పెద్ద సారు పేరూ తన మూడో అధ్యాయమూ ఆ పాకడం మీదే నిలబడ్డాయి. "సున్నా ఒకసారి పెట్టాక ఎక్కడికి పోతుందమ్మా?" అనేవారాయన. ఎక్కడికీ పోదు సర్, సింకులోకి పోతుంది.

టక్. టక్. నాలుగూ పూర్తయితే కర్రుమని వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటిది. మొదటి గిన్నెలో ఉన్నది అదే, పారబోయకుండా దాచిన సున్నా, ప్రొటీన్ చుక్క కూడా లేని డీటీటీ బఫరు. రెండోదాంట్లో అదే మందుతో ప్రొటీన్. మూడోదాంట్లో పక్క ల్యాబ్ అక్క దగ్గర చిటికెడు పట్టుకొచ్చిన టీసెప్, వట్టిది. నాలుగోదాంట్లో టీసెప్‌తో ప్రొటీన్. అక్క ఆ చిన్న సీసా చేతిలో పెడుతూ, "ఇది నేనిచ్చానని ఆయన దగ్గర అనకే తల్లీ, నాకు సంసారం ఉంది," అంది, ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు, తర్వాత అక్క నవ్వు ఆపేసి, "నిజంగా ఇవ్వాళే చెయ్యాలా? డిగ్రీ తీసుకుని చెయ్యకూడదా?" అంది. ఆ మాట తను తనని ఎన్నిసార్లు అడగలేదు! పొయ్యి మీద పాలు చూస్తూ అడిగింది, బస్సులో అడిగింది, పళ్ళు తోముకుంటూ అడిగింది. డిగ్రీ తీసుకుని చేస్తే ఆ డిగ్రీ దేనికిచ్చినట్టు?

పొరపాటున తెలిసింది అసలు. ఒకరోజు ప్రొటీన్ తక్కువై, సగమే వేసి, ఏదో ఒకటి అవుతుందిలే అని నడిపించింది. గీత కిందెక్కడో మొదలైంది, బాగానే ఉంది, సగమే కదా. పైకి పాకడం మాత్రం తు.చ. తప్పకుండా ఎప్పటంతే పాకింది. ప్రొటీన్ విప్పుకోవడం వల్లే పెరుగుతున్నదైతే సగం ప్రొటీన్‌కి సగమే కదా పెరగాలి? ఆ కాగితాలు పట్టుకుని పరుగున వెళితే పెద్ద సారు కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒక్కసారి చూసి, "కొలవడంలో చెయ్యి వణికుంటుందమ్మా, పెళ్ళికి ముందు మా ఆవిడ కూడా ఈ ల్యాబ్‌లోనే చేసేది, ఆవిడకీ వణికేది," అన్నారు. ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి. వణకడమా, తన చెయ్యా? బల్ల మీద నీళ్ళగ్లాసు అంచుదాకా నింపి ఇటివ్వండి, ఈ కారిడార్ ఆ చివరినుంచి ఈ చివరికి తెస్తాను, చుక్క ఒలికితే అడగండి. ఈ చెయ్యి ఎక్కడ తయారైందనుకున్నారు.

ఎర్ర బల్బు. ఆ గదిలో అన్నీ ఎర్రగా ఉండేవి, నాన్న చొక్కా, నాన్న పళ్ళు, గోడకి తగిలించిన గడియారం. ఎత్తు చాలక డబ్బా మీద నిలబడి, పట్టకారుతో కాగితం అంచు పట్టుకుని, ట్రేలో ఇటూ అటూ ఆడించాలి, అదరకూడదు, బెదరకూడదు, కాగితం మీద ఏమీ ఉండదు ఉండదు, ఉన్నట్టుండి ఎవరిదో కనుబొమ్మ వచ్చేది. ముందు నల్లగా ఉన్నవి వచ్చేవి, కనుబొమ్మలు, జుట్టు, చొక్కా గుండీలు, ఆ తర్వాత మనిషి వచ్చేవాడు. నాన్నది ఫొటో స్టూడియో. డెవలపర్ అనే మందు గోధుమరంగు సీసాలో ఉండేది, గాలి తగిలితే చచ్చిపోతుందమ్మా ఇది అనేవాడు, సీసా సగానికి వచ్చిందంటే తన గోలీలు అడిగి ఒక్కొక్కటే అందులో వేసేవాడు, గోలీలు మునిగేకొద్దీ మందు మూతిదాకా లేచేది, ఇక గాలికి చోటే ఉండదు. నీలం గోలీ వేసినరోజు ఎంత ఏడ్చిందో. చచ్చిపోతున్న మందుని బతికించడానికి తన నీలం గోలీ కావాల్సొచ్చిందని చాలా ఏళ్ళు గర్వంగా చెప్పుకుంది, కాలేజీలో ఎవరో అది కూడా రెడ్యూసింగ్ ఏజెంటే అని చెప్పేదాకా తెలియదు, తెలిసిన రోజు ఇంటికి ఫోన్ చేసి నాన్నా నువ్వూ నేనూ ఒకటే పని చేస్తున్నాం అంటే, ఆయన ఒక్క క్షణం ఆగి, "అయితే నా గోలీలు వాపసు ఇచ్చేస్తానులే," అన్నాడు. నావే కదా నాన్నా అవి.

జేబులో ఫోన్ గునిసింది. అమ్మ. ఎత్తకుండా ఉంటే మళ్ళీ చేస్తుంది, మళ్ళీ చేస్తుంది, చెవిలో జోరీగలా చేస్తూనే ఉంటుంది.

"అయిపోయిందా?"

"ఇంకా మొదలే కాలేదమ్మా."

"పిన్నికి చెప్పేశానే, సాయంత్రానికల్లా డాక్టరమ్మ అయిపోతావని. అది ప్రతి ఫంక్షన్లోనూ నీ చదువింకా అవలేదా అని నా ప్రాణం తీస్తోంది. ఇవ్వాళ్టితో దాని నోరు మూత పడాలి."

ఏమంటుంది? అమ్మా, పిన్ని నోరు ఇంకో రెండేళ్ళు తెరుచుకునే ఉండొచ్చు, మూడో అధ్యాయం పోతే మొత్తం మళ్ళీ చెయ్యాలి, స్కాలర్‌షిప్ గడువు ఎప్పుడో దాటిపోయింది, ఏ కాలేజీలోనో సాయంత్రం క్లాసులు చెప్పుకుంటూ పొద్దున్న ఇక్కడ గిన్నెలు కడుక్కోవాలి, అందా? అనలేదు. అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకున్న చప్పుడు, నాన్న గొంతు, ఏ పరీక్షకెళ్ళినా ఏ ఇంటర్వ్యూకెళ్ళినా అడిగే అదే ప్రశ్న.

"మందు తాజాగా కలుపుకున్నావా?"

"కలుపుకున్నాను నాన్నా."

"అయితే ఇంకేం, వెళ్ళిరా."

పెట్టేశాడు. ఆ ప్రశ్న ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకి తెలుసు, తనకి తెలుసని మాత్రం ఆయనకి తెలియదు. ఆ ఫొటో ఇప్పటికీ ఇంట్లో హాల్లో వేలాడుతోంది, తన తరగతి గ్రూప్ ఫొటో, బడి మూసేముందు మైదానంలో బెంచీలు వేసి తీసింది. తీసింది నాన్న, ముందు వరసలో నేలమీద కూర్చున్నది తను. ఆ రాత్రి స్టూడియోలో ఆ ఫిల్ము కడగబోతూ నాన్న సీసా ఎత్తితే, తను తలుపు సందులోంచి చూస్తూనే ఉంది, అప్పటికే మందు టీ రంగుకి తిరిగిపోయింది, గోలీలు వెయ్యడం మర్చిపోయాడు, వేరేది కలిపే ఓపిక లేదు, ఇదొక్కదానికీ సరిపోతుందిలే అని పైకే అనుకున్నాడు. సరిపోలేదు. మొహాలన్నీ వెలిసిపోయినట్టు వచ్చాయి. మళ్ళీ తీద్దామంటే పిల్లలందరూ సెలవులకి ఎవరిదారిన వాళ్ళు పోయారు. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళుతూ తననీ వెంట తీసుకెళ్ళాడు, చిటికెనవేలు పట్టుకుని నిలబడింది. ఆయన ఫొటో అటూ ఇటూ తిప్పి ఇదేంటి ఇలా ఉంది అంటే, నాన్న నిమ్మకు నీరెత్తినట్టు, "ఆ రోజు మబ్బు పట్టింది కదండీ," అన్నాడు. హెడ్మాస్టరు గారు, "అవునవును, మబ్బే," అన్నారు. అయిపోయింది. మబ్బెక్కడిది? ఆ రోజు మాడు పగిలే ఎండ. ఫొటోలో తరగతి మొత్తం కళ్ళు చికిలించుకుని చూస్తోంది, తను అందరికంటే ఎక్కువ, ముక్కుల కింద నీడలు పడ్డాయి, బెంచీ కాళ్ళకి నీడలున్నాయి. మబ్బులో నీడలెక్కడివి? అబద్ధం ఏంటో ఆ బొమ్మలోనే రాసుంది, గోడ మీద ఇన్నేళ్ళుగా వేలాడుతోంది, వచ్చినవాళ్ళందరూ చూస్తారు, నువ్వెక్కడున్నావే అని వెతుకుతారు, నీడల్ని ఒక్కరూ చూడరు. ఆ రాత్రి నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు, అమ్మ ఒంట్లో బాగోలేదా అంది. తను నోరు విప్పలేదు. మంచివాడు నాన్న, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, ఆ ఒక్క మబ్బు తప్ప ఆయన ఇంకో అబద్ధం ఆడగా తను వినలేదు. అయినా కోపం. ఇప్పటికీ కోపం, ప్రేమతో పాటు కోపం, రెండూ ఒకే చోట కూర్చుంటాయి, ఒకదాన్ని లేపితే రెండోదీ లేస్తుంది.

సగం ప్రొటీన్‌కి పూర్తి పెరుగుదల. అదే ఆ నీడ. పెద్ద సారు అచ్చువేసిన ప్రతి బొమ్మలోనూ ఉంది, చూసే దిక్కు లేదు.

కారిడార్లో కుర్చీలు ఈడుస్తున్నారు. పరీక్షకులు వస్తున్నట్టున్నారు, ఎవరో పెద్దగా దగ్గారు, ఎవరో ఏసీ పనిచెయ్యడం లేదన్నారు. ఇంతసేపూ వీపుతో విన్నది చాలు. ఇప్పుడు తిరిగితే, మొదటి గీత కదలకుండా నేలని కరుచుకుని ఉంటే? అప్పుడు తనే పిచ్చిది, అప్పుడు పెద్ద సారే రైటు, తన చెయ్యే వణికింది, సెమినారు రోజున గురువుగారి యంత్రం దొంగిలించి నవ్వులపాలైంది. ఆ మాట అనుకోగానే ఒక ఆశ కూడా పుట్టింది, ఛీ, ఎంత సిగ్గులేని మనసు, తప్పని తేలితే హాయిగా వెళ్ళి డిగ్రీ తెచ్చుకోవచ్చుగా, అమ్మ పిన్నికి ఫోన్ చేస్తుందిగా అని లోపల ఎవరో గునుస్తున్నారు. నోరుముయ్, అంది పైకే. తిరిగింది.

నాలుగు గీతలు. టీసెప్‌వి రెండూ, పైనొకటి కిందొకటి, స్కేలు పెట్టి గీసినట్టు సాఫీగా, చీమ కుట్టినట్టైనా లేదు వాటికి. ప్రొటీన్ ఏ రెండో రూపంలోకీ పోవడం లేదు, శుభ్రంగా కూర్చుని ఉంది, పాపం దానిమీద ఇన్నేళ్ళు ఎన్ని చాడీలు చెప్పాం. డీటీటీ, ప్రొటీన్ కలిసిన గీత ఎప్పటిలాగే పైకి పాకుతోంది. అన్నిటికంటే కింద, ప్రొటీన్ వాసన కూడా తగలని ఆ మొదటి గిన్నె గీత, సున్నా, ఎక్కడికి పోతుందమ్మా అన్న సున్నా, అదే వాలుతో, రెండోదాని పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టు పైకి వెళుతోంది. సున్నా కదిలింది. నేనన్నానా, నేను చెప్పానా అని ఎవరినో చొక్కా పట్టుకుని ఊపాలనిపించింది, మరుక్షణమే మూడో అధ్యాయం కోసం ఏడుపొచ్చింది, అందులో బొమ్మలు ఎంత ముద్దుగా గీసుకుంది, రంగులు ఎంత ఏరి వేసింది. కన్నీళ్ళు తుడుచుకోబోయి వేళ్ళ వాసనకి మొహం పక్కకి తిప్పుకుంది.

తలుపు తెరుచుకుంది. పెద్ద సారు, ఇస్త్రీ చొక్కాలో, చేతిలో సెమినారు కాగితాలతో. "ఇక్కడేం చేస్తున్నావమ్మా, అందరూ వచ్చేశారు," అంటూనే తెర వైపు చూశారు. ఆయన మూర్ఖుడు కాడు. ఎవరూ వివరించక్కర్లేకుండానే ఆయన కళ్ళు కింది గీత దగ్గర ఆగిపోయాయి. గిన్నెల వరస చూశారు, చిన్న సీసా చూశారు. మొహంలో రంగు మెల్లగా వెలిసింది. ఆ మొహం తనకి తెలుసు. కంచంలో చెయ్యి కడుక్కున్న మనిషి మొహం అది.

మెత్తగా, నిజంగానే తన మేలుకోరే గొంతుతో, "లాంపు పాతబడిందమ్మా," అన్నారు. "లాంపు వేడెక్కితే గీతలు ఇలాగే పాకుతాయి. ఇవ్వాళ్టికి ఈ బొమ్మ పక్కన పెట్టెయ్. ముందు డిగ్రీ తీసుకో. తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం. నీ మంచికే చెబుతున్నా."

అవునవును, మబ్బే. అనడం ఎంత తేలిక. నాలిక మీదే ఉంది మాట. చిటికెనవేలు ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

"అదే లాంపు కదా సర్ నాలుగింటికీ," అంది. "టీసెప్ గీతలు కదల్లేదే మరి?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"ఆ రోజు ఎండే సర్."

"ఏమన్నావ్?"

"ఏం లేదు సర్." పెన్‌డ్రైవ్ లాక్కుని లేచింది. "మీరు కూడా రండి. నేను చెప్పేది మీరు లేకుండా చెబితే బాగోదు."

మొదటి గిన్నె పారబోయలేదు. కడగలేదు. యంత్రంలోనే, అందరికీ కనిపించేలా, అలాగే వదిలేసి నడిచింది. వెనకాల ఆయన చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించలేదు, కారిడార్ సగంలో వినిపించింది, మెల్లగా, దూరంగా, కానీ వస్తున్నారు. గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. పక్క ల్యాబ్ అక్క వెనక వరసలో కూర్చుని చేతులు ఒళ్ళో బిగించుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టింది, వేదిక మధ్యకి వచ్చింది, ప్రొజెక్టర్ వెలుగు సూటిగా కళ్ళల్లో కొట్టింది. ఎవరో కాస్త పక్కకి జరగమ్మా, కళ్ళల్లో పడుతోంది అన్నారు. ఫర్వాలేదండీ అంది. కళ్ళు చికిలించుకునే, ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడి, నాలుగు గీతల్నీ గోడ మీదికి తెచ్చింది.

"నా మూడో అధ్యాయం తప్పు," అంది. "ఎలా తప్పో చూపిస్తాను. ముందు అన్నిటికంటే కింద ఉన్న గీతని చూడండి."